టెక్సస్ వర్సెస్ లెనీ స్మాల్

సాహిత్యం వల్ల ఏం ఒరుగుతుంది అని అడిగేవాళ్లకి నా దగ్గర ఒక జవాబుంది. అంత సంతోషపడాల్సిన జవాబైతే కాదు. 2004 ఫిబ్రవరిలో టెక్సస్ రాష్ట్రపు క్రిమినల్ అప్పీళ్ల కోర్టు, ఎవరికి మరణశిక్ష వెయ్యొచ్చు, ఎవరికి వెయ్యకూడదు అని ఆలోచిస్తూ ఒక నవలలోని పాత్రని తీర్పులోకి తెచ్చుకుంది. ఆ పాత్ర లెనీ స్మాల్. నవల జాన్ స్టెయిన్‌బెక్ 1937లో రాసిన 'ఆఫ్ మైస్ అండ్ మెన్'. లెనీ లాంటివాడిని మినహాయించాలంటే టెక్సస్ పౌరుల్లో ఎక్కువమంది ఒప్పుకోవచ్చు, కానీ సంక్షేమ శాఖ లెక్క ప్రకారం మేధో వైకల్యం ఉన్న ప్రతివాడినీ మినహాయించాలంటే ఒప్పుకుంటారా అన్నది ఆ కోర్టు సందేహం. ఆ మాట అన్నాక, లెనీ లాంటివాడెవడో తేల్చడానికి ఏడు ప్రశ్నలు రాసిచ్చింది. ఆ కేసు పేరు ఎక్స్ పార్టీ బ్రిసేనో. తర్వాత పదమూడేళ్లపాటు ఆ ఏడు ప్రశ్నల మీద మనుషుల ప్రాణాలు ఆధారపడ్డాయి.

నాకు లా తెలీదు. కోడ్ రాసుకుని బతికేవాణ్ణి, ఖాళీ ఉన్నప్పుడు నవలలు చదువుతాను. కానీ ఒక నవలని పట్టుకుని తీర్పు రాసినప్పుడు ఆ తీర్పు కూడా ఒక సమీక్షే కదా. సమీక్షని సమీక్షించే హక్కు పాఠకుడికి ఉంటుంది. నా అభియోగం చాలా చిన్నది. ఆ కోర్టు పుస్తకం సరిగ్గా చదవలేదు.

ముందు కొంచెం నేపథ్యం. 2002 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు అట్కిన్స్ వర్సెస్ వర్జీనియా కేసులో 6-3 మెజారిటీతో, మేధో వైకల్యం ఉన్నవాళ్లకి మరణశిక్ష అమలు చెయ్యడం రాజ్యాంగ విరుద్ధం అంది. దీన్ని మానసిక జబ్బుతో కలపకూడదు. జబ్బు ఎప్పుడైనా రావచ్చు, తగ్గొచ్చు. ఇది చిన్నప్పట్నుంచీ ఉండేది. మన దగ్గర బుద్ధిమాంద్యం అనేవాళ్లు, ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు. అమెరికన్ కోర్టు కూడా 2014లో హాల్ వర్సెస్ ఫ్లోరిడా తీర్పు నుంచి పాతమాట వదిలేసింది. అట్కిన్స్ తీర్పులో జస్టిస్ స్టీవెన్స్ చెప్పిన కారణాలు వినడానికి సాదాగా ఉంటాయి గానీ చాలా లోతైనవి. ఇలాంటివాళ్లు తప్పు చేశారు కాబట్టి శిక్ష ఉంటుంది, కానీ అత్యంత పెద్ద శిక్షకి తగినంత బాధ్యత వాళ్ల మీద మోపలేం. పైగా వాళ్లు చెయ్యని నేరం ఒప్పుకునే ప్రమాదం ఎక్కువ. తమ లాయర్‌కి తామే సాయం చేసుకోలేరు. కోర్టులో వాళ్ల ముఖం చూస్తే జ్యూరీకి పశ్చాత్తాపం లేనట్టు కనిపించొచ్చు. ఈ చివరిది నాకు ఎప్పుడూ గుర్తుండిపోయింది. ఏ భావం ఎప్పుడు ముఖం మీదకి తెచ్చుకోవాలో తెలియకపోవడం కూడా ఒకడి ప్రాణం తియ్యగలదు.

విభేదించిన జస్టిస్ స్కాలియా భయం మరోటి. ఈ లక్షణాలు నటించడం తేలిక అని. ఎవరికి ఈ వైకల్యం ఉందో తేల్చే పద్ధతిని సుప్రీం కోర్టు రాష్ట్రాలకే వదిలేసింది. అక్కడే లెనీ ప్రవేశించాడు.

నవల చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. నూరు పేజీలు కాస్త దాటే పుస్తకం. ముప్పయ్యిల నాటి కాలిఫోర్నియా, సాలినాస్ నది, సోలెడాడ్ దగ్గర ఒక రాంచ్. జార్జ్, లెనీ అనే ఇద్దరు కూలీలు పని వెతుక్కుంటూ అక్కడికొస్తారు. లెనీ భారీ మనిషి, పసివాడి బుర్ర. మెత్తటి వస్తువులు నిమరడం ఇష్టం. ఎలుకపిల్ల, కుక్కపిల్ల, వెల్వెట్, ఆడవాళ్ల జుట్టు. తన బలం తనకి తెలీదు, నిమిరినవన్నీ చచ్చిపోతుంటాయి. చివరికి యజమాని కొడుకు కర్లీ భార్య అతని చేతుల్లో చచ్చిపోతుంది. మిగతావాళ్లు వెతికి పట్టుకునేలోగా జార్జే లెనీని కాల్చేస్తాడు.

ఇప్పుడు ఆ ఏడు ప్రశ్నలకి వద్దాం. నా ఉద్యోగంలో రోజూ చేసే పని ఇది. ఎవరైనా ఒక రూల్ రాసిస్తే, అది దేని కోసం రాశారో ఆ కేసునే ముందు దాని మీద నడిపి చూస్తాం. రూల్ తన సొంత ఉదాహరణ దగ్గరే ఫెయిలైతే మిగతావి చూడాల్సిన పనే లేదు. కాబట్టి లెనీనే బోనులో నిలబెడదాం. నేను ప్రాసిక్యూటర్‌ని.

ఎదిగే వయసులో దగ్గరగా తెలిసినవాళ్లు ఇతనికి వైకల్యం ఉందనుకున్నారా, అన్నట్టు ప్రవర్తించారా? పెంచిన క్లారా అత్త చనిపోయింది. మిగిలిన సాక్షి జార్జ్ ఒక్కడే. ఆ జార్జ్ రాంచ్ యజమానితో ఏం చెప్పాడు? లెనీకి చిన్నప్పుడు గుర్రం తన్నింది, అందుకే ఇలా, మంచి పనివాడు, తన చుట్టం అని చెప్పాడు. రెండూ అబద్ధాలే. యువరానర్, దగ్గరివాడే ఇతను పనికి సమర్థుడని పూచీ ఇచ్చాడు.

ప్రణాళిక వేసుకుని అమలు చెయ్యగలడా, లేక అప్పటికప్పుడు తోచింది చేస్తాడా? ఏదైనా గొడవైతే నది ఒడ్డున పొదల్లో దాక్కో అని జార్జ్ మొదటి అధ్యాయంలో చెప్తాడు. ఏదీ గుర్తుండని లెనీకి అది గుర్తుంటుంది. హత్య జరగ్గానే ఎవరూ చెప్పకుండా సరిగ్గా అక్కడికే వెళ్తాడు. ముందే అనుకున్న పారిపోయే దారి.

మాట్లాడిస్తే పొందికగా జవాబిస్తాడా? కుందేళ్ల గురించి, తమకి రాబోయే పొలం గురించి వరసగా అప్పజెప్తాడు. నల్లజాతి పనివాడు క్రుక్స్, జార్జ్ తిరిగి రాకపోతే ఏం చేస్తావ్ అని ఏడిపించినప్పుడు, జార్జ్‌ని ఎవరు కొట్టారంటూ లేచి మీదకి వెళ్తాడు. ప్రాసిక్యూటర్‌కి అది పొందికైన జవాబు మాత్రమే కాదు, బెదిరింపు కూడా.

నిజం దాచగలడా, తన లాభం కోసమో ఇతరుల లాభం కోసమో అబద్ధం ఆడగలడా? ఇక్కడ నవల నిండా సాక్ష్యాలే. పుస్తకం మొదట్లోనే చచ్చిన ఎలుకని దాచుకుని నా జేబులో ఏమీ లేదంటాడు. నిజమే, అది చేతిలో ఉంది. జార్జ్ దాన్ని అవతలికి విసిరేస్తే, కట్టెపుల్లలు తెస్తానని వెళ్లి నది దాటి మళ్లీ తెచ్చుకుంటాడు. తడిసిన కాళ్లు చూసి జార్జ్ కనిపెడతాడు. నేను గుహలోకి వెళ్లి బతుకుతాలే అంటే జార్జ్ కరిగిపోతాడని లెనీకి తెలుసు. ఆ పట్టు ఎక్కడుందో పసిగట్టాడని స్టెయిన్‌బెక్ స్పష్టంగానే చెప్తాడు. కుక్కపిల్లని చంపేశాక గడ్డిలో కప్పెట్టి, చచ్చిపోయి కనిపించిందని చెప్పొచ్చా అని ఆలోచిస్తాడు. కర్లీ భార్య శవం మీద గడ్డి లాగుతాడు. కుక్కపిల్ల శవాన్ని కోటు కింద పెట్టుకుని పట్టుకుపోతాడు. యువరానర్, సాక్ష్యాలు మాయం చెయ్యడమంటే ఇదే.

ఇక నేరానికి ముందస్తు ఆలోచన, క్లిష్టమైన పథకం అవసరమయ్యాయా? కాలేదు. పరిస్థితికి తగ్గట్టు ప్రవర్తించాడా? లేదు, భయపడి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నాయకుడా, ఇంకొకడి వెనక నడిచేవాడా? నడిచేవాడే. కర్లీ మొహం మీద గుద్దుతుంటే కూడా, జార్జ్ చెప్పేదాకా చెయ్యెత్తడు. ఈ మూడూ లెనీ పక్షం. నాలుగు నా పక్షం. టెక్సస్‌లో ఓ మాదిరి ప్రాసిక్యూటర్‌కి నాలుగు చాలా ఎక్కువ.

అంటే ఎవరిని కాపాడాలని ఉదాహరణగా తీసుకున్నారో అతన్నే ఆ పరీక్ష కాపాడలేదు. మరి చదివినప్పుడు మనకి ఒక్క క్షణం కూడా లెనీ మీద అనుమానం ఎందుకు రాదు? స్టెయిన్‌బెక్ మనల్ని ఆ తడి కాళ్ల పక్కన కూర్చోబెట్టాడు కాబట్టి. అబద్ధమాడినవాడి కాళ్లు తడిగా ఉన్నాయని అబద్ధమాడినవాడికే తెలీదు. ఆ ఒక్క వివరంలో అబద్ధం చెప్పగలగడం, అబద్ధాన్ని నిలబెట్టలేకపోవడం రెండూ కలిసే ఉన్నాయి. కోర్టు ప్రశ్నలో కూడా 'సమర్థంగా' అబద్ధమాడగలడా అనే ఉంది. కానీ కేసు ఫైల్లో తడి కాళ్లు ఉండవు. 'అబద్ధం చెప్పాడు' అన్న వాక్యం ఒక్కటే ఉంటుంది.

వైద్యులు చూసేవి మూడు. తెలివి పరీక్షలో సగటు కంటే బాగా తక్కువ రావడం, రోజువారీ బతుకులో లోటు, ఈ రెండూ చిన్నప్పుడే మొదలవడం. రెండోదాన్ని కొలిచేటప్పుడు లోట్లనే చూడాలి, చేతనైన పనులు చూపించి లోట్లని కొట్టెయ్యకూడదు. మా అమ్మమ్మగారి ఊళ్లో ఒకాయన ఉండేవాడు. ఏ ఇంటికి ఎన్ని గ్లాసుల పాలు పొయ్యాలో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో పొల్లు పోకుండా చెప్పేవాడు. బస్సెక్కితే మాత్రం ఎక్కడ దిగాలో తెలీదు, ఎవరో ఒకరు కండక్టర్‌కి అప్పజెప్పాలి. పాల లెక్క వచ్చు కాబట్టి బస్సు దిగడం కూడా వచ్చేసినట్టే అని ఊళ్లో ఎవరూ వాదించలేదు. వంద టెస్టుల్లో అరవై పాసయ్యాయి కాబట్టి ఫెయిలైన నలభై ఫెయిల్ కానట్టే అని నేను మా టీమ్‌లో చెప్తే నవ్వుతారు. టెక్సస్ కోర్టు మాత్రం ఆ మాట సీరియస్‌గానే చెప్పింది.

మార్విన్ విల్సన్ అనే ఖైదీ ఐక్యూ 61. 2012 ఆగస్టు 7న హంట్స్‌విల్‌లో అతనికి శిక్ష అమలు చేశారు. దానికి ముందు స్టెయిన్‌బెక్ కొడుకు థామస్ ఒక ప్రకటన ఇచ్చాడు. తండ్రి రాసిన పాత్రని ఇలా వాడటం అవమానం, ఆయన బతికుంటే కోపంతో, సిగ్గుతో రగిలిపోయేవాడు అన్నది దాని సారం. రచయిత వారసులు పాత్ర తరఫున సాక్ష్యం చెప్పడం నేను ఇంకెక్కడా వినలేదు. ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత బాబీ మూర్. 1980లో హ్యూస్టన్‌లో ఒక కిరాణా షాపు దోపిడీలో అక్కడ పనిచేసే వృద్ధుణ్ణి కాల్చి చంపాడు. అప్పటికి ఇరవయ్యేళ్లవాడు. పదమూడేళ్ల వయసుకి కూడా వారాల పేర్లు, నెలలు, ఋతువులు సరిగ్గా తెలీవు. గడియారం చూడటం రాదు. తీసివేత అనేది కూడికకి తిరగేసిందని అర్థం కాదు. తండ్రి ఇంట్లోంచి గెంటేశాడు. కింది కోర్టు వైద్యుల ప్రమాణాలతో చూసి ఇతనికి వైకల్యం ఉందంది. అప్పీళ్ల కోర్టు మాత్రం ఆ ఏడు ప్రశ్నలు బయటికి తీసి, ఇతను వీధుల్లో బతికాడు, డబ్బులకి గడ్డి కోశాడు, పూల్ ఆడి డబ్బు గెలిచాడు కాబట్టి బాగానే ఉన్నాడంది. ఇల్లు లేనివాడు చావకుండా బతికి ఉండటం కూడా తెలివికి రుజువైపోయింది! పేదరికం మనిషికి కొన్ని పనులు బలవంతంగా నేర్పుతుంది. మన దగ్గర చెత్త ఏరుకునే పిల్లలకి ఏ ప్లాస్టిక్ ఎంత రేటో తెలుసు.

2017 మార్చిలో సుప్రీం కోర్టు మూర్ వర్సెస్ టెక్సస్‌లో ఆ ఏడు ప్రశ్నల్ని కొట్టేసింది. తీర్పు జస్టిస్ గిన్స్‌బర్గ్‌ది. అందులో నాకు బాగా నచ్చింది ఆవిడ పట్టుకున్న ఒక చిన్న విషయం. స్కూలు పిల్లల విషయంలో గానీ, బాల నేరస్తుల విషయంలో గానీ టెక్సస్ ఈ ప్రశ్నలు వాడదు. అక్కడ వైద్యుల ప్రమాణాలే. చంపాలా వద్దా అన్నప్పుడు మాత్రమే జనంలో ఉన్న అపోహలు పనికొచ్చాయి. మూర్‌కి వైకల్యం ఉందా అన్న విషయంలో విభేదించిన చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ కూడా, ఈ ఏడు ప్రశ్నలు పనికిరావన్న దగ్గర ఒప్పుకున్నాడు. కేసు వెనక్కి వెళ్తే టెక్సస్ కోర్టు పేరు మార్చి మళ్లీ అదే పాట పాడింది. 2019 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు, ఇక మీరు వద్దులే అన్నట్టు, మూర్‌కి మేధో వైకల్యం ఉందని తనే తేల్చేసింది. 2020లో అతను పెరోల్ మీద బయటికొచ్చాడు. నలభై ఏళ్లు.

అంకెల సంగతి కూడా ఒక్క ముక్క. ఫ్లోరిడా ఐక్యూ 70 దగ్గర గీత గీసింది. 71 వస్తే ఇక వేరే ఆధారాలు చూపించే అవకాశం కూడా లేదు. ప్రతి కొలతకీ కొంత అటూ ఇటూ ఉంటుందనే ఇంటర్మీడియట్ ఫిజిక్స్ పాఠాన్ని 2014లో సుప్రీం కోర్టు ఆ రాష్ట్రానికి చెప్పాల్సొచ్చింది, అదీ 5-4 తేడాతో. ఇక అట్కిన్స్ అనే మనిషి పేరు మీద ఇంత చట్టం వచ్చింది కదా, 2005లో వర్జీనియా జ్యూరీ అతనికే వైకల్యం లేదని తేల్చింది. చివరికి అతని ప్రాణం నిలిచింది ప్రాసిక్యూషన్ చేసిన అక్రమాలు బయటపడి, 2008లో జడ్జి శిక్ష తగ్గించడం వల్ల.

టెక్సస్ అంటే మనవాళ్లకి డల్లాస్, ఇర్వింగ్, ఫ్రిస్కో. బతుకమ్మలు, బిర్యానీ పాయింట్లు. హంట్స్‌విల్ హ్యూస్టన్ నుంచి గంటన్నర లోపు ప్రయాణం అని అక్కడున్న నా ఫ్రెండ్స్‌లో చాలామందికి తెలీదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. కానీ ఈ కథ మనకి దూరం అనుకోను. తెలుగు కోర్టు ఒకటి ఇలాంటి కొలబద్ద రాయాల్సొస్తే ఏ పాత్రని తెస్తుంది? నాకు అనుమానం లేదు, 'స్వాతిముత్యం'లో శివయ్యనే. 1986లో కమల్ హాసన్‌ని అలా చూశాక, మన బుర్రల్లో అమాయకత్వానికి అదే ముఖం. మంచివాడు, మల్లెపువ్వు లాంటివాడు, ఎవరికీ హాని చెయ్యడు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. శివయ్య ప్రమాణం పెట్టుకుంటే, కోపం వచ్చేవాడు, మొరటుగా ఉండేవాడు, తాగేవాడు, చివరికి నేరం చేసినవాడు దాన్ని దాటలేడు. మనం జాలిపడేది వైకల్యం మీద కాదు, మంచితనం మీద. మరణశిక్ష దాకా వెళ్లిన మనిషి దగ్గర మంచితనం కనపడటం కష్టం.

మన జైళ్లలో పరిస్థితి చూడాలంటే, ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలో ప్రాజెక్ట్ 39ఏ వాళ్లు 2021లో వేసిన 'డెత్‌వర్దీ' రిపోర్టు ఉంది. మరణశిక్ష పడిన 88 మందితో మాట్లాడి చేసిన అధ్యయనం. 62.2 శాతం మందికి ఏదో ఒక మానసిక జబ్బు. 11 శాతం మందికి మేధో వైకల్యం. అమెరికాలో కనీసం ఒక నిషేధం ఉంది, దాని అంచుల మీద పోట్లాట. మన దగ్గర అట్కిన్స్ లాంటి సూటి నిషేధం లేదు.

మళ్లీ నవలకే వస్తాను, ఎందుకంటే నా అసలు ఇబ్బంది టెక్సస్‌తో పూర్తవ్వలేదు. లెనీని మినహాయించాలి అన్న కోర్టు, నవల చివర్లో లెనీని చంపేస్తారన్న సంగతి మర్చిపోయినట్టుంది. అది కూడా ఎవరు? ప్రేమించినవాడు. పైగా ఆ చంపడాన్ని మనచేత ఒప్పించడానికి స్టెయిన్‌బెక్ ముందు నుంచే నేల చదును చేస్తాడు. క్యాండీ అనే ముసలి పనివాడి ముసలి కుక్కని కార్ల్‌సన్ బయటికి తీసుకెళ్లి కాల్చేస్తాడు. మెడ వెనక సరిగ్గా ఇక్కడ కాలిస్తే నొప్పి తెలీదని వివరించి మరీ. నా కుక్కని పరాయివాడి చేతికివ్వకుండా నేనే కాల్చాల్సింది అని క్యాండీ తర్వాత బాధపడతాడు. ఆఖర్లో జార్జ్ అదే కార్ల్‌సన్ తుపాకీతో, అదే చోట కాలుస్తాడు. పాఠకుడి కళ్లలో నీళ్లు. అయ్యో, ఇంతకంటే దారి లేదు అనుకుంటాం. కానీ ఈ వరస చూడండి. కుక్క, తర్వాత లెనీ. లెనీని అడిగినవాడు ఎవరూ లేరు. అతను అప్పటికి నది అవతలకి చూస్తూ కుందేళ్ల గురించి వింటున్నాడు. ఖైదులో కట్టేసి ఉంచడం కంటే ఇదే నయం అన్నది రాంచ్‌లో అందరూ గౌరవించే స్లిమ్ మాట. ఆ మాట నిజమో కాదో తెలుసుకునే అవకాశం నవల మనకివ్వదు.

ఇంకోటి. చచ్చిపోయిన అమ్మాయికి నవలలో పేరు లేదు. కర్లీ భార్య, అంతే. నాటకంలో ఆ పాత్ర వేసిన క్లెయిర్ లూస్‌కి, ఆమె ఎలాంటి మనిషో వివరిస్తూ స్టెయిన్‌బెక్ ఓ ఉత్తరం రాశాడు. కానీ పుస్తకంలో మాత్రం ఆమె కూడా జాలికి నోచుకునేది చచ్చిపోయాకే. లెనీ మీద ప్రేమ పుట్టించడానికి ఆమెని చిన్నది చెయ్యాల్సొచ్చింది. మరణశిక్ష వద్దనే మనలాంటివాళ్లు ఆ హ్యూస్టన్ షాపులోని వృద్ధుణ్ణి తల్చుకోకుండా బాబీ మూర్ గురించి రాసినప్పుడల్లా ఇదే చేస్తుంటాం. నిందితుడు మంచివాడు కానక్కర్లేదు, చనిపోయినవాళ్లు పేరు లేనివాళ్లు కానక్కర్లేదు. రెండూ ఉంచుకుని కూడా చంపొద్దు అనగలిగే పుస్తకం 'ఆఫ్ మైస్ అండ్ మెన్' కాదు. గొప్ప నవలే, కానీ ఆ పని చెయ్యదు.

క్రుక్స్ గదిలో ఉన్న కొద్దిపాటి పుస్తకాల్లో నలిగిపోయిన ఒక చట్టం పుస్తకం ఉంటుంది, 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్. ఆ రాంచ్ మొత్తం మీద కనపడే చట్టం అదొక్కటే. లెనీ ఆ గదిలోకి వెళ్తాడు, దాని పక్కనే కూర్చుంటాడు. లెనీ చదవలేడు.

1937లో న్యూయార్క్ టైమ్స్‌కి ఇచ్చిన ఇంటర్వ్యూలో స్టెయిన్‌బెక్ లెనీ కల్పన కాదన్నాడు. తను రాంచ్‌లలో కూలీగా పనిచేసిన రోజుల్లో అతని పక్కన పనిచేశానన్నాడు. అతను చంపింది అమ్మాయిని కాదు, ఒక మేస్త్రీని, గడ్డి ఎత్తే పంగలకర్రతో. కాలిఫోర్నియా అతన్ని చంపలేదు, పిచ్చాసుపత్రిలో పెట్టింది. ఆ ఇంటర్వ్యూ ఇచ్చేనాటికి అతనింకా అక్కడే ఉన్నాడు.